పచ్చిపాల కండక్టరమ్మ

నాకు జ్వరం తగ్గి ఏడు నెలలు దాటింది. నడుము మాత్రం ఇంకా పూర్తిగా నా మాట వినడం లేదు. గుంటలో పడి బస్సు ఎగిరినప్పుడల్లా పైనున్న రాడ్డు పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాను. ఇక భయం లేదని నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఇప్పుడు రాయవచ్చు అనుకున్నాను. ఇంతకు ముందు రెండుసార్లు రాయడానికి కూర్చున్నాను. రెండుసార్లూ మొదటి పేజీలోనే నన్ను నేను మంచిదానిలాగా రాసుకుంటున్నట్టు కనిపించి చించేశాను.

నా పేరు వెంగమ్మ. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే బస్సులో కండక్టర్ని. మా ఇల్లు ఉదయగిరిలో కొండ కింద. నా భర్త మాల్యాద్రి, మా మామ కలిసి మేకలు, గొర్రెలు మేపుతారు. ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నా చెల్లెలు పద్మ ఆత్మకూరులో బస్టాండు వెనక వీధిలో ఉంటుంది. దాని భర్త శీను ట్రాక్టర్ల మెకానిక్కు. ఇది నా జబ్బు కథే అయినా ఎక్కువ బరువు మోసింది పద్మ. అందుకని దాని గురించి ముందే చెబుతున్నాను. మా అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు, నాకు పదహారు. దానికి జడ వేసింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది నేనే. నేను ఏం చెప్పినా అది ఎదురు చెప్పదు. అది చాలా మంచి అలవాటని మా ఇద్దరికీ నమ్మకం.

ఫిబ్రవరి

పోయిన ఏడాది మొదట్లో నాకు ఊరికే నీరసంగా ఉండేది. మోకాళ్ళు లాగేవి. పొద్దున్నే ఖాళీ కడుపుతో డ్యూటీ ఎక్కి మధ్యాహ్నందాకా నిలబడి ఉండే మనిషికి అందులో వింతేమీ లేదు. ఒక ఆసుపత్రికి వెళ్ళాను. రక్తం తక్కువగా ఉందని రాసిన డాక్టరు నా ముఖం వైపు చూడలేదు. ఆయన ముందు యాభై మంది ఉన్నారు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ వారంలోనే మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. తెల్ల నూలు చొక్కా వేసుకున్న మనిషి, వెనక పుస్తకాల బీరువా. మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి అమ్మా అంటూ మెల్లగా మాట్లాడాడు. పాలు కాచడం మన పెద్దల అలవాటే కాదట, ప్యాకెట్ పాల కంపెనీలు నేర్పించిందట. కాస్తే పాలు చచ్చిపోతాయట. పొదుగు కింద పిండిన మేకపాలు అలాగే తాగితే కీళ్ళ నొప్పులు, రక్తహీనత, గర్భం నిలవకపోవడం, అన్నీ పోతాయట. ఈ సంగతి డాక్టర్లకు తెలుసు గానీ చెప్పరట, జబ్బులు పోతే వాళ్ళకు గిరాకీ ఉండదు కదా. నేను ఇంటర్‌లో బైపీసీ చదివాను. సూక్ష్మజీవుల గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఆ మనిషి నా వైపే చూస్తూ మాట్లాడుతున్నట్టు అనిపించింది. నమ్మడానికి నాకు అంతకంటే ఎక్కువేమీ అక్కరలేకపోయింది.

మర్నాటి నుంచి మామ పాలు పిండగానే ఒక గ్లాసు అక్కడే నిలబడి తాగేదాన్ని. మామకు నచ్చలేదు. తమ అవ్వ కూడా కాచుకునే తాగిందని, నేను చెప్పే పాతకాలం ఏ ఊరిదో తనకు తెలియదని అన్నాడు. ఆయనకు చదువు లేదు కాబట్టి తెలియదు అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

మూడు వారాల్లో నీరసం తగ్గింది. పొద్దున్నే కడుపులో ఏదో ఒకటి పడుతోంది కాబట్టి తగ్గింది. కాచిన పాలు తాగినా తగ్గేది. కానీ నేను బస్సులో ఎక్కిన ప్రతి ఆడమనిషికీ చెప్పడం మొదలుపెట్టాను. కండక్టరు మాట నలుగురూ వింటారు. దుత్తలూరులో ఎక్కినవాళ్ళు ఆత్మకూరులో దిగేలోపు కథంతా చెప్పేసేదాన్ని.

మార్చి

నా సంగతి ఎవరి ద్వారానో విని, ఆ వీడియోల ఛానెల్ నడిపే మనిషి బండి మీద మా ఊరు వచ్చాడు. వీడియోలో కంటే వయసులో చిన్నవాడు. మర్యాదస్థుడు. మా దొడ్డి దగ్గర నన్ను నిలబెట్టి, ఖాకీ చొక్కా వేసుకుని మాట్లాడమన్నాడు. యూనిఫాం ఉంటే జనం నమ్ముతారన్నాడు. మోకాళ్ళ నొప్పి సగం తగ్గిందని చెబితే మధ్యలో ఆపేశాడు. సగం అంటే ఎవరూ షేర్ చెయ్యరమ్మా అన్నాడు. రెండోసారి పూర్తిగా పోయిందని చెప్పాను. చేతిలో పాల గ్లాసు పట్టుకుని, నవ్వుతూ. ఆ గ్లాసు గటగటా తాగి, తిరగేసి చూపించాను కూడా. అది కూడా నా చేత రెండుసార్లు చేయించాడు.

ఆ వీడియో ఎన్ని వేలమంది చూశారో నేను లెక్కపెట్టలేదు. బస్సెక్కినవాళ్ళు పచ్చిపాల కండక్టరమ్మ నువ్వేనా అని అడుగుతుంటే మాత్రం ఒళ్ళు పొంగేది. పద్నాలుగేళ్ళు టికెట్లు కొట్టినా ఎవరూ నా పేరు అడగలేదు.

ఆ నెలలోనే మా మందలో రెండు మేకలు నెలలు నిండకుండానే పిల్లల్ని వేశాయి. ఏ పిచ్చాకో తిని ఉంటాయని మామ అన్నాడు. దొడ్డి నేనే కడిగాను.

ఏప్రిల్ నుంచి జూలై

ఏప్రిల్‌లో పద్మ ఫోన్ చేసి రెండో నెల అని చెప్పింది. పెళ్ళైన ఆరేళ్ళకు. ఫోన్ పెట్టేశాక బస్సు వెనక సీట్లో కూర్చుని ఏడ్చాను. మర్నాటి నుంచి స్టీలు సీసాలో మేకపాలు పోసి, తడిగుడ్డ చుట్టి, బస్సులో తీసుకెళ్ళి దానికి ఇచ్చేదాన్ని. ఆత్మకూరులో బస్సు ఆగే పావుగంటలో పరుగున వెళ్ళి, అది తాగేదాకా ఉండి వచ్చేదాన్ని.

జూన్‌లో నాకు జ్వరం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నం దాటాక చలి, తర్వాత మంట, తర్వాత చెమట. ఆ చెమటకు కుళ్ళిన గడ్డిలాంటి వాసన. ఎన్నిసార్లు స్నానం చేసినా పోయేది కాదు. నాలుగు రోజులు ఉండి, వారం మాయమై, మళ్ళీ వచ్చేది. నడుములో ఎవరో మేకు దిగగొడుతున్నట్టు ఉండేది. ఛానెల్ మనిషికి మెసేజ్ పెట్టాను. వాయిస్‌లో జవాబిచ్చాడు. ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకున్న విషం బయటికి పోతోందని, అది మంచి గుర్తు అని, పాలు ఆపవద్దని, రెండు గ్లాసులు చెయ్యమని. నేను రెండు గ్లాసులు చేశాను.

జూలైలో ఒక పొద్దున పద్మ ఇంట్లో ఒకటి జరిగింది. అది ఇక్కడ రాయలేను. తర్వాత రాస్తాను.

జూలై ఆఖర్లో బస్సు దుత్తలూరు దాటుతుండగా శీను నుంచి ఫోన్ వచ్చింది. ఆత్మకూరు ఆసుపత్రికి రమ్మన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. డ్రైవరు నా ముఖం చూసి, రెండు స్టాపుల్లో ఆపకుండా నడిపాడు. ఎవరూ గొడవ చెయ్యలేదు.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. అయిదో నెల. మగబిడ్డ అని నర్సు చెప్పింది. అడగకుండానే చెప్పింది, బహుశా ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయింది. పద్మ మంచం మీద గోడ వైపు తిరిగి ఉంది. బయట బెంచీ మీద దాని అత్త, నేను పక్కపక్కన కూర్చున్నాం. నాకు ఆ వేళకు జ్వరం వచ్చేసింది, పళ్ళు కొట్టుకుంటున్నాయి. దుఃఖంతో వణుకుతున్నానని ఆమె అనుకుంది. తన కొంగు తీసి నా భుజం మీద కప్పింది. ఆ కొంగు బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉంది.

ఆగస్టు, సెప్టెంబరు

నా జబ్బుకు పేరు దొరకడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఇంకొకరు టీబీ పరీక్షలు రాశారు. సెలవులన్నీ అయిపోయాయి. పన్నెండు కిలోలు తగ్గాను. నా వాసన నాకే పడక వేరే గదిలో పడుకునేదాన్ని. మాల్యాద్రి గంజి తెచ్చి పెడితే కసిరేదాన్ని. ఒకరోజు గ్లాసు విసిరాను. అతను ముక్కలు ఏరుకుని, మందలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు చీకటి పడినా రాలేదు. కూతురు సెలవు పెట్టి వచ్చి, నా తల దువ్వుతూ, దువ్వెనకు వచ్చిన జుట్టంతా నాకు కనపడకుండా గుప్పిట్లో దాచుకుంది. మనసు కూడా జ్వరంలాగే తయారైంది. ఏ కారణం లేకుండా గంటలకొద్దీ ఏడుపు వచ్చేది.

ఇంత జరుగుతున్నా పాలు ఆపలేదు. అది ఒప్పుకోవడం కష్టం. ఆపితే, అంతకు ముందు తాగినదంతా ఏమిటి అన్న ప్రశ్న వస్తుంది.

సెప్టెంబరులో మేకలకు టీకాలు వెయ్యడానికి పశువుల ఆసుపత్రి అసిస్టెంటు ఒకాయన మా దొడ్డికి వచ్చాడు. నడివయసు మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఈ ఏడాది ఎన్ని మేకలు నెలలు నిండకుండా పిల్లల్ని వేశాయని మామను అడిగాడు. నాలుగని మామ చెప్పాడు. ఆ మనిషి సిరంజి పక్కన పెట్టి, అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న నా వైపు చూశాడు.

"ఆయమ్మకు ఎన్నాళ్ళ నుంచి జొరం?"

జూన్ నుంచి అని మామ చెప్పాడు.

"పాలు కాచుకునే తాగతారా అమ్మా?"

నేను దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కున్నాను. మామ మేక తాడు సర్దుతూ ఉండిపోయాడు. ఆయన నన్ను బయటపెట్టలేదు. ఆ అసిస్టెంటు ఒక చీటీ మీద ఒక పదం రాసి ఇచ్చాడు. నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళి, మేకలున్న ఇల్లని చెప్పి, ఈ చీటీ చూపించమన్నాడు. నాకు కోపం వచ్చింది. మీలాంటి వాళ్ళు చెప్పే భయాలన్నీ కంపెనీల కోసమేనని అన్నాను.

"నాకు ఏ కంపెనీ తెలీదు. మూడేళ్ళ కింద ఇదే జొరం నాకొచ్చినాది. మేక పిల్ల అడ్డం తిరిగితే చేత్తో లాగినాను. ఎనిమిది నెలలు మంచంలో ఉన్న్యాను. నీ వాసన నాకు తెలుసమ్మా."

ఆ చీటీ మడిచి కొంగుకు ముడి వేసుకున్నాను. అన్ని నెలల్లో నా వాసన గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆయన.

అక్టోబరు

నెల్లూరు ఆసుపత్రిలో పొద్దున ఎనిమిదికి చీటీ తీసుకుంటే డాక్టరు గది ముందుకు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. నా జ్వరం కూడా ఆ వేళకే వస్తుంది. రెండోరోజు మాల్యాద్రి రక్తపరీక్ష వరుసలో నిలబడి ఉంటే, నేను బెంచీ మీదే ఒరిగిపోయాను. పక్కన సోమశిల నుంచి వచ్చిన ముసలామె ఉంది. కొడుకు కాలికి కట్టు కట్టించడానికి వచ్చింది. అడగకుండానే నా తల ఒళ్ళో పెట్టుకుని ఎక్స్‌రే కవరుతో విసిరింది. చెమట కంపు కొడుతుందమ్మా అంటే, చేపలమ్ముకునే దాన్ని, నాకు ఏ వాసనా పట్టదు అంది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను.

మూడోరోజు డాక్టరమ్మ కాగితం చూసి జబ్బు పేరు చెప్పింది. బ్రూసెల్లోసిస్. పశువుల నుంచి వస్తుంది, పచ్చిపాల నుంచి ఎక్కువగా వస్తుంది. చాలా వారాలు మందులు వాడాలి, మధ్యలో ఆపకూడదు, నయమవుతుంది. తిట్టలేదు. చివర్లో ఒకటి అడిగింది, ఆ పాలు ఇంకెవరైనా తాగారా అని.

ఎవరూ తాగలేదని చెప్పాను.

ఆలోచించుకుని చెప్పిన అబద్ధం కాదది. ప్రశ్న పూర్తి కాకముందే నా నోట్లోంచి వచ్చేసింది. మందులు తీసుకుని, బస్టాండుకు వచ్చి, ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. బస్సు కదిలింది. ఊరి బయట పెట్రోలు బంకు దాకా వచ్చాక ఆపమని కేకేసి దిగాను. మాల్యాద్రికి అర్థం కాలేదు. ఆటోలో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటోంది. నా చెల్లెలు తాగింది, మూడు నెలలు తాగింది, అప్పుడు కడుపుతో ఉంది అని చెప్పాను. మాల్యాద్రి నా వెనకే నిలబడి విన్నాడు. నేను పద్మకు పాలు తీసుకెళ్తున్నానని అతనికి తెలుసు. పచ్చివని తెలియదు.

డాక్టరమ్మ చెప్పులు విడిచి, మళ్ళీ కూర్చుంది.

పద్మకు పరీక్ష చేయిస్తే దానికీ ఉందని తేలింది. అది నీరసం, ఒళ్ళునొప్పులు అనుకుని ఊరుకుంది. బిడ్డ పోవడానికి అదే కారణమా అని నేను అడిగాను. కావచ్చు, కానీ ఖచ్చితంగా చెప్పలేం, అలా జరగడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి అంది డాక్టరమ్మ. నా మీద జాలితోనే అలా చెప్పిందని తెలుసు. కానీ అవునని చెప్పి ఉంటే ఒక్కసారి కూలిపోయి ఉండేదాన్ని. కాదని చెబితే నిద్రపట్టేది. చెప్పలేం అన్న మాటతో రోజూ బతకాలి.

ఇద్దరం ఒకే మందులు వేసుకున్నాం, వేరువేరు ఇళ్ళల్లో. వాటికి మూత్రం ఎర్రగా వస్తుంది. మొదటిరోజు భయపడి పద్మకు ఫోన్ చేశాను. నాకూ అంతే వస్తా ఉండాది అని చెప్పి పెట్టేసింది. మా మందలో కూడా పరీక్షలు చేసి, జబ్బున్న మేకల్ని వేరు చేశారు. మామ రెండురోజులు అన్నం తినలేదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

డిసెంబరు తర్వాత

డిసెంబరులో డ్యూటీ ఎక్కాను. మొదటి వారంలోనే ఒకామె ఆడవాళ్ళకిచ్చే ఉచిత సున్నా టికెట్టు తీసుకుంటూ నన్ను గుర్తుపట్టింది. నా వీడియో చూసే మనవడికి పచ్చిపాలు పడుతున్నానంది. బిడ్డకు నాలుగేళ్ళట. నేను సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుని, నాకు వచ్చిన జబ్బు, ఆసుపత్రి, అన్నీ చెప్పాను. పాలు పొంగు వచ్చేదాకా కాచమని బతిమాలాను. ఆమె ఓపిగ్గా విని, గొంతు తగ్గించి, పైనుంచి ఆర్డరు వేసినారా అమ్మా, ఉద్యోగం పోతాదని బెదిరించినారా అని అడిగింది. నా మీద ఎంత నమ్మకమంటే, నేను చెప్పే నిజాన్ని కూడా నా చేత ఎవరో చెప్పిస్తున్నారనుకుంది.

ఛానెల్ మనిషికి ఎన్నోసార్లు ఫోన్ చేశాను. చివరికి వీడియో తీసేశాడు. నీకు పడలేదేమోనమ్మా, అందరి ఒళ్ళూ ఒకటి కాదు అన్నాడు. కానీ అప్పటికే అది వేరేవాళ్ళ చేతుల్లో ఉంది. ముక్కలు చేసి, పాట కలిపి, పేరు మార్చి తిప్పుతున్నారు. జనవరిలో నా ఫోన్‌తో నేనే ఒక వీడియో తీసి పెట్టాను. అదే ఖాకీ చొక్కాలో, నేను తప్పు చెప్పానని, జబ్బు పడ్డానని. కొద్దిమందే చూశారు. మందుల కంపెనీవాళ్ళు ఎంత ఇచ్చారని ఒకరు రాశారు. ఈమె అసలు కండక్టరమ్మ కాదు, ఆమె బుగ్గలు ఇంకా లావుగా ఉంటాయి అని మరొకరు రాశారు. పన్నెండు కిలోలు తగ్గిన ముఖం కదా.

ఈలోగా పద్మ ఇంట్లో దాని అత్త మాటలు మొదలుపెట్టింది. ఆరేళ్ళకు ఒక్కటి నిలిచి అదీ పోయిందంటే కోడలి కడుపులోనే దోషం ఉందని, శీను ఇంకా చిన్నవాడేనని. మందులు రక్తం కోసమని మాత్రమే పద్మ ఇంట్లో చెప్పింది. పాల సంగతి శీనుకు కూడా చెప్పలేదు. ఆ మాటలన్నీ పడుతూ వంట చేస్తోందని పక్కింటివాళ్ళ ద్వారా నాకు తెలిసింది. తెలిసిన తర్వాత కూడా నేను మూడు వారాలు నోరు మూసుకుని ఉన్నాను.

మార్చిలో ఒక ఆదివారం వెళ్ళాను. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. దాని అత్త నన్ను కూర్చోమంది. నిలబడే చెప్పాను. జూలైలో జరిగిన దాన్ని కూడా ఆ రోజే చెప్పాను. ఇక్కడ కూడా ఇప్పుడు రాస్తాను.

ఆ పొద్దున నేను సీసాతో వెళ్ళేసరికి పద్మ వంటింట్లో ఉంది. ముందురోజు నేనిచ్చిన వాటిలో మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పొయ్యి మీద గిన్నెలో పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. చెకప్‌లో నర్సు ఏ పాలైనా కాచుకునే తాగమని చెప్పిందక్కా అంది, నేల చూస్తూ. నేను స్టవ్ ఆపేశాను. గిన్నె గుడ్డతో పట్టుకుని, ఆ పాలు తొట్టిలో ఒంపేశాను. ఆరేళ్ళు ఆ డాక్టర్ల మాట విని ఏం సాధించావని అడిగాను. తెచ్చిన సీసా మూత తీసి, గ్లాసులో పోసి, దాని చేతికిచ్చాను. అది నా ముఖం చూసి తాగింది. చిన్నప్పుడు చేదు మందు పోస్తే తాగినట్టే.

ఇదంతా విన్నాక శీను లేచి బయటికి వెళ్ళి, బండి స్టార్టు చెయ్యకుండా దాని మీద కూర్చున్నాడు. దాని అత్త నా వైపు చూసి చెప్పింది.

"వెంగమ్మా, ఆ పొద్దు నా కొంగు నీకు కప్పినాను. ఇంక ఈ ఇంటికి రావద్దు."

పద్మ మాత్రం వీధి మలుపుదాకా నా వెనకే వచ్చింది.

"ఎందుకు చెప్పినావు? నేను దాచిపెట్టింది నీ కోసమే గదా."

"నిన్ను అంటా ఉండారని."

"అననీ. వాళ్ళంటే నేను పడతాను. ఇప్పుడు నిన్ను చూడాలంటే నాకు ఆ గిన్నె కనిపిస్తాది. ఇంతకు ముందు కనిపించేది కాదు, నేను కనపడనిచ్చేదాన్ని కాదు."

ఆ తర్వాత అది నాకు ఫోన్ చెయ్యలేదు. కానీ దాని అత్త మాటలు ఆగిపోయాయి. శీను దాన్ని నెల్లూరు చెకప్‌కు స్వయంగా తీసుకెళ్ళాడని విన్నాను. పద్మ నుంచి నాకు వచ్చేవి లింకులే. నా వీడియో ఎక్కడ కనిపిస్తే అక్కడి లింకు. పైన కింద ఒక్క అక్షరం ఉండదు. నేను తెరిచి, రిపోర్టు నొక్కేదాన్ని. అదీ నొక్కి ఉంటుందని తెలుసు. వారానికి ఒకటి, కొన్ని వారాల్లో నాలుగు. మా అక్కచెల్లెళ్ళ మధ్య మూడు నెలలు అంతకంటే మాట లేదు. నవ్వుతూ గ్లాసు తిరగేసి చూపించే నన్ను రోజూ నేనే చూసుకోవలసి వచ్చింది. ఆ నవ్వు నిజమైనదే. అదే నన్ను పీడిస్తుంది.

ఈ జూన్

పదిరోజుల కింద వచ్చిన లింకు తెరిస్తే, అందులో నేను హిందీలో మాట్లాడుతున్నాను. గొంతు నాదే, పెదవులు ఆ మాటలకు సరిగ్గా కదులుతున్నాయి. మా దొడ్డి, నా ఖాకీ చొక్కా, మామ చెయ్యి ఒక మూల. నాకు హిందీ బడిలో చదివినంతే. చివర్లో, నేను ఎన్నడూ చెయ్యనట్టు, చెయ్యి ఎత్తి దండం పెట్టాను. ఫోన్ కింద పెట్టేశాను. నా ఒళ్ళు నాకు తెలియకుండా ఎక్కడికో వెళ్ళి పనిచేసి వస్తున్నట్టు అనిపించింది.

అప్పుడు ఫోన్ మోగింది. పద్మ.

"అక్కా, దాంట్లో ఏం చెప్తా ఉండావు?"

"నాకూ తెలీదు పాపా."

పక్కింటి ఖాసీంబీకి ఫోన్ చూపించాను. పద్మ లైన్లోనే ఉంది. ఖాసీంబీ రెండుసార్లు విని, అద్దాలు తీసి, నా ముఖం వైపు చూసింది. పాలు తాగే పసిబిడ్డలకు కూడా తల్లిపాలు మాన్పించి పచ్చి మేకపాలే పట్టమంటా ఉండావు, నీ బిడ్డను అట్నే పెంచినానంటా ఉండావు అని చెప్పింది. నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనలేదని ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. లైన్లో పద్మ ఊపిరి వినిపిస్తోంది. తర్వాత చెప్పింది.

"రేపు నీ డ్యూటీ అయినాక బస్టాండులోనే ఉండు. నేను వస్తాను."

మర్నాడు సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో, కండక్టర్ల విశ్రాంతి గదిలో కూర్చున్నాం. మూడు నెలల తర్వాత దాన్ని దగ్గరగా చూడటం. కణతల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు. నేనే మళ్ళీ వీడియోలో మాట్లాడతానని చెప్పాను. వద్దంది. నీ మాట ఇంక ఎవరూ నమ్మరు, నీ నోటితో ఎవరైనా ఏమైనా చెప్పించొచ్చు అంది. కోపంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు అంది. తనకు జరిగింది తానే చెబుతానంది. శీనుకు చెప్పే వచ్చానంది. నన్ను పక్కన కూర్చోమంది, ఏమీ మాట్లాడవద్దంది. నేను ఫోన్‌ను మంచినీళ్ళ కూజాకు ఆనించి, బొత్తాం నొక్కి, వచ్చి దాని పక్కన కూర్చున్నాను.

"నా పేరు పద్మ. మాది ఆత్మకూరు. ఈ పక్కన కూర్చున్నది మా అక్క. మేకపాలు కాచొద్దని మీకు చెప్పింది ఈమే. నేను ఈమె మాట విన్న్యాను. నాకు అయిదో నెలలో..."

అక్కడ ఆగిపోయింది. బయట ఏదో బస్సు హారన్ కొట్టి కదిలింది. దాని చెయ్యి బెంచీ మీద నా చేతికి జానెడు దూరంలో ఉంది. నేను పట్టుకోలేదు, అది అడగలేదు. రికార్డింగు ఆపనా అని కళ్ళతో అడిగాను. వద్దని తల ఊపింది. ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ, దానికి మాట వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.